డ్రాయింగ్ ఎవరి చేతికి పోతోంది?

వరి కోతలు ఊపందుకుని మిల్లులు రాత్రింబవళ్లు తిరిగే కాలం. నంద్యాలలో ఒక రైస్ మిల్లులో ఎలివేటర్ షాఫ్ట్ విరిగిందనుకోండి. ఫిట్టర్ బీరువాలోంచి పాత డ్రాయింగ్ తీసి, బల్ల మీద పరిచి, ఫోన్‌తో ఫొటో కొట్టి లేత్ షాపుకు వాట్సాప్‌లో పంపుతాడు. వెనకే ఒక వాయిస్ మెసేజ్: ‘‘పెట్టినాన్నా, చూడు. సాయంత్రానికల్లా కావాల.’’ అవతల లేత్ మిషన్ దగ్గరున్న ఆయన బొమ్మను రెండు వేళ్లతో ఎంత సాగదీసినా కీవే వెడల్పు 8 అని ఉందో 6 అని ఉందో తేలదు. బేరింగు కూర్చునే చోట రాసిన టాలరెన్స్ అంకెలైతే పూర్తిగా అలుక్కుపోయాయి. తిరిగి ఫోన్ చేస్తే ఫిట్టర్ ఎలివేటర్ పైనుంటాడు, మోతలో మాట వినపడదు. గడువు తరుముతోంది కాబట్టి లేత్ ఆయన తనకు సబబనిపించిన అంకె వేసుకుని పని మొదలుపెడతాడు.

ఇద్దరూ పనిమంతులే. చెడగొట్టింది ఫైలు.

వాట్సాప్‌లో బొమ్మను ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది. ఆ కుదింపు జేపెగ్ పద్ధతిలో జరుగుతుంది. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్‌ను మనుషుల ముఖాలు, ఆకాశం, చెట్లు వంటి దృశ్యాల కోసం తయారుచేశారు. రంగు మెల్లగా మారేచోట అది అద్భుతంగా పనిచేస్తుంది. తెల్ల కాగితం మీద సన్నటి నల్లగీత దానికి పడదు. గీత అంచుల చుట్టూ బూడిదరంగు మరకలు పుడతాయి. పెద్ద అక్షరాలు ఎలాగో బతికి బట్టకడతాయి, చిన్న అంకెలు ముందు పోతాయి. డ్రాయింగులో చిన్న అంకెలే కదా ప్రాణం!

దీనికి మందు అదే వాట్సాప్‌లో ఉంది. అటాచ్ గుర్తు నొక్కాక ‘గ్యాలరీ’ కాకుండా ‘డాక్యుమెంట్’ ఎంచుకుంటే ఫైలు చెక్కుచెదరకుండా వెళ్తుంది. 2022 నుంచి అలా 2 జీబీ దాకా పంపుకోవచ్చు. పది సెకన్లు కూడా ఎక్కువ పట్టని పని. అయినా మన వర్క్‌షాపుల్లో చాలామంది ఆ దారి తొక్కరు. ఐఫోన్ వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 2017 తర్వాత ఆ ఫోన్లు ఫొటోను హెచ్‌ఈఐసీ అనే రకంలో దాచుకుంటున్నాయి. దాన్ని డాక్యుమెంట్‌గా పంపితే వర్క్‌షాపులోని పాత విండోస్ కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు. ముందే జేపెగ్‌గానో పీడీఎఫ్‌గానో మార్చి పంపడం మేలు.

ఫొటో పనికిరాదని నేననను. మోటారు నేమ్‌ప్లేటుకు, విరిగిన పళ్లచక్రానికి, కాలిపోయిన కాంటాక్టర్‌కు ఫొటోను మించింది లేదు. పక్కన ఒక స్టీలు స్కేలు పెట్టి, వస్తువుకు నిట్టనిలువుగా పైనుంచి తీస్తే చాలు. ఏటవాలుగా తీసిన డ్రాయింగు ఫొటోను కొలవడం మాత్రం ఎవరి తరమూ కాదు.

మూడు రకాల చేతులు

నంద్యాల చుట్టుపక్కల డ్రాయింగు ఎన్ని చేతులు మారుతుందో చూడండి. కొలిమిగుండ్ల, గడివేముల, బేతంచెర్ల వైపు సిమెంటు పరిశ్రమ. గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు. పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడినప్పుడు శ్రీశైలం కూడా ఇటే వచ్చింది, దాంతోపాటే కుడిగట్టు పవర్‌హౌస్. వీటి చుట్టూ కాంట్రాక్టర్లు, ప్యానెల్ కట్టేవాళ్లు, లేత్ షాపులు, రివైండింగ్ షాపులు. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి వీటిలో చేరే కుర్రాళ్లకు వెల్డింగు నేర్పేవాళ్లున్నారు, వైరింగు నేర్పేవాళ్లున్నారు. ఫైలు పంపడం మాత్రం ఎవరూ నేర్పరు. అది దానంతటదే వస్తుందని అందరి నమ్మకం.

ఏ ఫార్మాట్ మంచిదని నన్నడిగితే, అవతలివాడు దాంతో ఏం చేస్తాడని తిరిగి అడుగుతాను. చూసి అర్థం చేసుకునేవాడు ఒకడు. దాన్నిబట్టి లోహాన్నో రాయినో కోసేవాడు ఇంకొకడు. డ్రాయింగునే మార్చి కొత్తది గీసేవాడు మరొకడు. ముగ్గురికీ ఒకే ఫైలు పంపితే ఇద్దరికి ఇబ్బంది. పంపేవాడి కంప్యూటర్‌లో ఏముందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, అందుకునేవాడి చేతిలో పనేమిటన్నదే లెక్క. అందుకే నా అలవాటు జంటగా పంపడం: కంటికి ఒక పీడీఎఫ్, మిషన్‌కో మౌస్‌కో అవసరమైన అసలు ఫైలు ఒకటి. రెండింటికీ పొంతన కుదరకపోతే పీడీఎఫ్‌లో ఉన్న కొలతే ఖాయమని సందేశంలో ఒక వాక్యం. గొడవలు వచ్చినప్పుడు ఆ వాక్యం విలువ తెలుస్తుంది.

పీడీఎఫ్ 1993లో అడోబీ సంస్థ తెచ్చింది, 2008లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది. ఇప్పుడు ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. అయితే పీడీఎఫ్‌లన్నీ ఒక్కటి కాదు. కాడ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్‌లో గీతలు గీతలుగానే ఉంటాయి. స్కాన్ చేసినదాంట్లో ఉన్నది ఫొటోయే, పైన తొడుగు మాత్రం పీడీఎఫ్‌ది. తేడా కనుక్కోవడం తేలిక. ఎనిమిది వందల శాతం పెద్దది చేసి చూడండి. గీత నున్నగా ఉంటే అసలుది, అంచులు రంపపు పళ్లలా విరిగితే బొమ్మ. అసలుదాంట్లో పార్టు నంబరు టైపు చేసి వెతికితే దొరికే అవకాశమూ ఉంది. నూట యాభై పేజీల మాన్యువల్‌లో ఒక రిలే సెట్టింగు కోసం అర్ధరాత్రి వెతికే షిఫ్టు ఎలక్ట్రీషియన్‌కు అది చిన్న సాయం కాదు.

పీడీఎఫ్‌తో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ప్రింటు దగ్గర. ఎ3 సైజులో గీసిన గాస్కెట్ డ్రాయింగును జిరాక్స్ షాపులో ఎ4 మీద కొట్టిస్తారు. ప్రింటర్ ‘ఫిట్’ అన్నచోట టిక్కు ఉంటుంది, కాగితానికి సరిపోయేలా కుదించేస్తుంది. ఎ3 నుంచి ఎ4కు వస్తే వంద మిల్లీమీటర్ల గీత 71కి దిగుతుంది. ఆ కాగితాన్ని రబ్బరు షీటు మీద పరిచి కత్తిరించినవాడికి ఫ్లాంజి బోల్టు రంధ్రాలు ఎందుకు కలవలేదో అర్థం కాదు. ప్రతి డ్రాయింగు మూలనా సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి ‘ప్రింటులో దీన్ని కొలవండి’ అని రాసిపెట్టండి. స్కేలు పెట్టి కొలిస్తే కాగితం నమ్మదగ్గదో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.

ఆ జిరాక్స్ షాపులోనే ఇంకో ప్రమాదం ఉంది. మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం రంగులు వేసి ముచ్చటగా గీసిన స్టార్టర్ డయాగ్రమ్‌ను నలుపు తెలుపులో ప్రింటు తీస్తే పసుపు గీత దాదాపు కనపడకుండా పోతుంది, ఎరుపూ నీలమూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. ప్యానెల్ తలుపు వెనక జేబులో చివరికి ఉండేది ఆ నలుపు తెలుపు కాగితమే. కాబట్టి రంగు ఎంత ఉన్నా ప్రతి గీత మీదా వైరు నంబరు ఉండాలి, ఆ నంబరే వైరుకు తొడిగిన ఫెర్రూల్ మీదా ఉండాలి. రంగు పోయినా నంబరు నిలుస్తుంది.

దీర్ఘకాలం దాచాల్సిన వాటికి పీడీఎఫ్/ఎ అనే రకం ఉంది, 2005లో ప్రమాణంగా వచ్చింది. ఇది వాడిన ఫాంట్లన్నిటినీ ఫైలులోనే నింపుకుంటుంది, బయటి వనరులేవీ అడగదు. సేవ్ చేసేటప్పుడు ఆ ఆప్షన్ టిక్కు పెట్టడమే పని. సబ్‌స్టేషన్ సింగిల్ లైన్ డయాగ్రమ్, పని ముగిశాక ఇచ్చే యాజ్‌బిల్ట్ డ్రాయింగులు, టెస్టు రిపోర్టులు, ఇలా ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో తెరవాల్సినవన్నీ ఇలాగే దాచాలి.

తెరుచుకోని డీడబ్ల్యూజీ

‘‘సార్, ఫైలు ఓపెన్ కావట్లేదు’’ అన్న మాట వినని డ్రాఫ్ట్స్‌మన్ ఉండడు. ఆటోకాడ్ డీడబ్ల్యూజీ ఫైలు పేరుకు ఒకటే అయినా లోపల తరాలున్నాయి. 2018 తరంలో దాచిన ఫైలును 2010 ఆటోకాడ్ చదవలేదు. అందుకున్న ఫైలు ఏ తరానిదో తెలుసుకోవడానికి చిన్న చిట్కా ఉంది. దాని కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా పిచ్చిగీతలే కనిపిస్తాయి కానీ మొట్టమొదటి ఆరు అక్షరాలు చదవగలం. ఏసీ1032 అని ఉంటే 2018 తరం, ఏసీ1027 అయితే 2013, ఏసీ1024 అయితే 2010, ఏసీ1018 అయితే 2004. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి. పాత తరానికి మార్చడానికి ఆటోడెస్క్‌దే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అవతలి షాపులో ఏ ఏడాది సాఫ్ట్‌వేర్ ఉందో ఒక్కసారి అడిగి నోట్ చేసుకుంటే ప్రతిసారీ ఈ తంటా ఉండదు.

తెరుచుకున్నా సగం బొమ్మ మాయమయ్యే సందర్భాలున్నాయి. ఒక డ్రాయింగులోకి ఇంకో డ్రాయింగును ఎక్స్‌రెఫ్‌గా తగిలించి ఉంటారు. పంపేటప్పుడు పై ఫైలు ఒక్కటే వెళ్తుంది, తగిలించింది ఇంట్లో ఉండిపోతుంది. ఈ-ట్రాన్స్‌మిట్ అనే కమాండ్ ఇస్తే సంబంధించిన ఫైళ్లు, ఫాంట్లు, ప్లాట్ స్టైల్ అన్నీ ఒకే జిప్‌లో కడుతుంది. ఆ కమాండ్ ఉందని తెలియక ఫైళ్లు ఒక్కొక్కటిగా ఏరి పంపేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

లేజర్, ప్లాస్మా కటింగ్‌కు డీఎక్స్‌ఎఫ్ అడుగుతారు. ఆటోకాడ్ పుట్టిన 1982లోనే ఇదీ వచ్చింది, దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ చదువుతుంది. కానీ కోసే మిషన్‌కు గీత అంటే దారి, కాబట్టి కోయాల్సినవి తప్ప ఇంకేమీ ఉండకూడదు. కొలత బాణాలు, టైటిల్ బ్లాక్, సెంటర్ లైన్లు తీసేయాలి. చుట్టుగీత ఎక్కడా తెగకుండా కలవాలి. ఒక గీత మీద ఇంకో గీత పడి ఉంటే మిషన్ అదే దారిలో రెండుసార్లు పోతుంది, ప్లేటు అంచు పాడవుతుంది. బొమ్మ ఒకటికి ఒకటి కొలతలో, మిల్లీమీటర్లలో ఉండాలి. తీసేసిన కొలతలన్నీ జంట పీడీఎఫ్‌లో ఉంటాయి కాబట్టి మొత్తం పొడవు, వెడల్పు అక్కడ చూసుకుని ఆపరేటర్ సరిపోల్చుకుంటాడు.

త్రీడీ భాగాలకు స్టెప్ వాడండి. 1994 నుంచి ఐఎస్‌ఓ ప్రమాణంగా ఉంది. సాలిడ్‌వర్క్స్‌లో గీసినదాన్ని ఫ్రీకాడ్‌లో తెరవగలం, ఆకారంతోపాటు కొలమానమూ ఫైలులోనే వెళ్తుంది. ఆ భాగాన్ని ఏ మెట్ల మీదుగా గీశారన్న చరిత్ర మాత్రం వెళ్లదు. బయటి వెండర్‌కు ఇచ్చేటప్పుడు ఇది లోటు కాదు, మంచిదే. మీ కంపెనీ డిజైన్ కిటుకులు మీ దగ్గరే ఉంటాయి. సొంత ఫార్మాట్‌లో అసలు ఫైలు ఎవరికైనా ఇచ్చేముందు పై అధికారి మాట తీసుకోండి, అదీ మెయిల్‌లో తీసుకోండి.

వెర్షన్ల గొడవ చిన్న షాపుల తలనొప్పే అనుకుంటే పొరపాటు. ఎయిర్‌బస్ ఎ380 విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైర్లుంటాయి. హాంబర్గ్‌లోని ఇంజినీర్లు కాటియా సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్‌లోనూ, ఫ్రాన్స్‌లోని వాళ్లు ఐదో వెర్షన్‌లోనూ పనిచేశారు. రెండింటి మధ్యా సమాచారం సరిగ్గా బదిలీ కాలేదు. వైర్ల కట్టలు తులూజ్‌కు చేరి విమానంలో అమర్చబోతే సరిపోలేదు. 2006లో సంస్థ ఆలస్యం వెనక ఆలస్యం ప్రకటించాల్సివచ్చింది, వేల కోట్ల నష్టం. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందింది 2007 అక్టోబరులో. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటారే, అదన్నమాట.

ఇంకొక్క మాట, ఫార్మాట్‌కు కాస్త పక్కది. మనదేశంలో డ్రాయింగులు ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్‌లో గీస్తాం, అమెరికాలో థర్డ్ యాంగిల్. దిగుమతి యంత్రం మాన్యువల్‌ను మన పద్ధతిలో చదివితే ఎడమ కుడి తారుమారై అద్దంలో బింబం లాంటి భాగం తయారవుతుంది. టైటిల్ బ్లాక్‌లో ఉండే ఆ చిన్న కోను గుర్తును ఫొటోలోంచి కత్తిరించి పంపేవాళ్లే ఎక్కువ. షీటు మొత్తం పంపండి.

ఆళ్లగడ్డ రాయి, అంకెలకు లేని కొలమానం

అహోబిలం దారిలోని ఆళ్లగడ్డ శిల్పులకు డ్రాయింగు కొత్త కాదు. శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు. నవతాళ ప్రతిమ అంటే తొమ్మిది ముఖాల ఎత్తు, నూట ఎనిమిది అంగుళాలు. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, ప్రతిమ ఎత్తును భాగించగా వచ్చినది. రెండడుగుల విగ్రహానికీ ఇరవై అడుగుల విగ్రహానికీ అదే లెక్క. చేసేవాడికీ చేయించేవాడికీ శాస్త్రం తెలుసు, ఎత్తు ఒక్కటి మాట్లాడుకుంటే మిగిలిందంతా నిష్పత్తిలో వస్తుంది. ఎత్తు చెప్పకపోతే ఎంత గొప్ప గీతకైనా రాయి ఎంపిక చేయలేం.

ఇప్పుడు చేతి ఉలితోపాటు సీఎన్‌సీ రౌటర్ మీద ద్వారబంధాలు, అలంకార ఫలకాలు కోయించే కాలం. వాటికి ఆకారం ఎస్‌టీఎల్ ఫైలుగా వస్తుంది. 1987లో త్రీడీ ప్రింటింగ్ కోసం పుట్టిన ఈ ఫార్మాట్ ఉపరితలాన్ని చిన్న చిన్న త్రిభుజాలుగా ముక్కలుచేసి అంకెల్లో రాస్తుంది. ఆ అంకెలు మిల్లీమీటర్లో అంగుళాలో ఫైలులో ఉండదు! అమెరికాలో ఉన్న గుడి కమిటీ నుంచి అంగుళాల లెక్కలో ఫైలు వస్తుంది, ఇక్కడ సాఫ్ట్‌వేర్ దాన్ని మిల్లీమీటర్లనుకుంటుంది. ఇరవై నాలుగు అంగుళాల ఫలకం ఇరవై నాలుగు మిల్లీమీటర్లై కూర్చుంటుంది. అంత చిన్నదైతే వెంటనే పట్టుబడుతుంది. ఆపరేటర్ ‘రాయికి సరిపోయేలా’ కంటితో చూసి పెంచినప్పుడే అసలు ముప్పు: ఎంత పెంచాడో ఎవరికీ తెలియదు, తీరా గూట్లో పెట్టబోతే పట్టదు. శిల్పితో ఎత్తు మాట్లాడుకున్నట్టే ఎస్‌టీఎల్‌తోనూ ఎత్తు, వెడల్పు, మందం మూడూ మిల్లీమీటర్లలో రాసిన పీడీఎఫ్ జతచేయాలి. కొలమానాన్ని తనలోనే దాచుకునే 3ఎంఎఫ్ అనే కొత్త ఫార్మాట్ 2015లో వచ్చింది. అవతలి సాఫ్ట్‌వేర్ తీసుకుంటుందంటే అదే నయం.

త్రిభుజాలు ఎంత చిన్నవన్నదీ చూసుకోవాలి. మరీ పెద్దవైతే దేవుడి చెంప నునుపు పోయి పలకలు పలకలుగా వస్తుంది. మరీ చిన్నవైతే ఫైలు వందల ఎంబీలై షాపులో కంప్యూటర్ మొరాయిస్తుంది. చెక్కే పనిముట్టు మొన ఎంత సన్నమో అంతకంటే సన్నటి వివరం ఫైలులో ఉండీ లాభం లేదు.

రిలీఫ్ పనికి కొందరు బూడిదరంగు బొమ్మ పంపుతారు. తెలుపు ఎత్తు, నలుపు లోతు. మామూలు 8 బిట్ బొమ్మలో 256 మెట్లే ఉంటాయి, పాతిక మిల్లీమీటర్ల లోతుకు ఒక్కో మెట్టు దాదాపు 0.1 మిల్లీమీటర్. మెల్లగా వాలే చోట అవి పొరలు పొరలుగా తేలతాయి. 16 బిట్‌లో 65,536 మెట్లు, పీఎన్‌జీగానో టిఫ్‌గానో పంపొచ్చు. అదే బొమ్మను జేపెగ్ చేసి పంపితే ముందు చెప్పిన ఆ బూడిద మరకలు రాయి మీద గరుకు బొడిపెలుగా దిగుతాయి. కాగితం మీద మరకను చెరపొచ్చు, రాయి మీద మళ్లీ కూర్చుని పాలిషు పట్టాలి.

సొంత ఫార్మాట్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో చెక్కడం పనిచేసేవాళ్లకు తెలుసు. సీఎన్‌సీ చెక్కడానికి చాలామంది వాడిన ఆర్ట్‌క్యామ్‌ను ఆటోడెస్క్ 2018లో ఆపేసింది. తర్వాత కార్వెకో పేరుతో వేరే సంస్థ కొనసాగించింది కాబట్టి కొంత గండం గడిచింది. ఏ డిజైనైనా సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుతోపాటు ఒక ఎస్‌టీఎల్ కాపీ తీసి పక్కన పెట్టుకోవడం ఆనాటి నుంచి తెలివైన షాపుల అలవాటు. మిషన్‌కు ఎక్కించే జీ-కోడ్‌ను మాత్రం డిజైన్‌గా ఎవరికీ పంపకండి, ఎవరైనా పంపినా నేరుగా నడపకండి. అది ఫలానా మిషన్‌కు, ఫలానా వ్యాసం టూలుకు, ఫలానా సున్నా బిందువుకు రాసినది. వేరే మిషన్ మీద టూలు నేరుగా రాయిలోకి దిగొచ్చు.

పార్టుల జాబితాలు, తెలుగు అక్షరాలు

సోలార్ పార్కులో ప్యానెళ్లు లక్షల్లో ఉంటాయి, ఒక్కోదానికి ఒక సీరియల్ నంబరు. స్కానర్‌తో చదివి ఎక్సెల్‌లో వేస్తారు. ఎక్సెల్ అంకెను పదిహేను స్థానాల దాకానే గుర్తుంచుకుంటుంది, ఆపైన ఉన్నవన్నీ సున్నాలు చేసేస్తుంది. పద్దెనిమిది అంకెల సీరియల్ నంబర్లలో చివరి మూడూ సున్నాలైతే వరసలో ఉన్న ప్యానెళ్లన్నీ ఒకే పేరుతో ఉంటాయి. వారంటీ అడిగే రోజున ఆ జాబితాకు విలువ లేదు. ముందున్న సున్నాలు ఊడిపోతాయి. ‘1-4’ అనే టెర్మినల్ నంబరు తేదీగా మారిపోతుంది. ఇది మన తెలివితక్కువతనమేమీ కాదు. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని తట్టుకోలేక 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మన పార్టు నంబర్లు మార్చే వీలు మనకు లేదు కాబట్టి, అంకెలు పోయకముందే కాలమ్‌ను ‘టెక్స్ట్’గా మార్చాలి. సీఎస్‌వీ ఫైలైతే రెండుసార్లు నొక్కి తెరవకుండా, డేటా మెనూలోంచి దిగుమతి చేసుకుంటూ ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పాలి. సీఎస్‌వీలో తెలుగు ఉంటే యూటీఎఫ్-8 ఎంచుకోవాలి, లేకపోతే అక్షరాలకు బదులు చిత్రమైన గుర్తులు వస్తాయి.

తెలుగు అనేసరికి అనూ ఫాంట్ల సంగతి చెప్పక తప్పదు. మన డీటీపీ సెంటర్లలో భద్రతా బోర్డులు, యంత్రం నడిపే సూచనలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అనూతో కొడతారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. అనూలో కొట్టినది కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే చెత్త కనిపిస్తుంది. బోర్డుకు మాత్రమే అయితే ఫాంట్లు నింపిన పీడీఎఫ్ తీసుకుంటే సరిపోతుంది. రేపు ఎవరైనా దిద్దాల్సిన, వెతకాల్సిన, ఫోన్‌లో చదవాల్సిన పాఠమైతే యూనికోడ్‌లోనే కొట్టమని పట్టుబట్టండి. ఆటోకాడ్‌లోనైతే తెలుగు రాయాల్సినచోట ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు వదిలి ట్రూటైప్ యూనికోడ్ ఫాంటు ఎంచుకోవాలి, లేదంటే ప్రశ్నార్థకాల వరస వస్తుంది. మన ఆపరేటర్లకు సూచనలు తెలుగులో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఫాంటు కుదరడం లేదని ఇంగ్లీషులో వదిలేయడం బద్ధకమే.

రివైండింగ్ షాపుల నోటుబుక్కుల గురించి కూడా ఒక మాట. ఏ మోటారుకు ఎన్ని స్లాట్లు, ఎన్ని టర్న్‌లు, ఏ గేజి వైరు, పిచ్ ఎంత అన్నది పెద్ద మేస్త్రీలు సొంత గుర్తులతో రాసుకుంటారు. ఆ బుక్కు షాపు ఆస్తి. నూనె చేతులతో నలిగి, ఒక వర్షాకాలం తడిస్తే పోతుంది. దాన్ని ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించనక్కర్లేదు. మామూలు ఎక్సెల్ షీటు ఒకటి, ఆ పేజీ ఫొటో ఒకటి చాలు. ఫొటో ఎందుకంటే మేస్త్రీ పక్కన గీసిన కనెక్షన్ బొమ్మ ఏ గడిలోనూ పట్టదు.

పేరు, రివిజన్, దాచుకోవడం

‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే’, ‘సార్ చెప్పింది’. ఇలాంటి పేర్లున్న ఫోల్డర్ చూస్తే అందులో ఏది నిజమో గీసినవాడికీ తెలియదు. యంత్రం పేరు, డ్రాయింగు నంబరు, రివిజన్ అంకె, తేదీ, ఈ క్రమంలో పేరు పెట్టండి. తేదీని ఏడాది, నెల, రోజు వరసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. ఫైలు పేరు వరకు ఇంగ్లీషు అక్షరాలే మంచివి. తెలుగు పేర్లున్న జిప్‌లు కొన్ని కంప్యూటర్లలో విప్పితే పేర్లు చెదిరిపోతాయి. అదే రివిజన్ అంకె డ్రాయింగు లోపల టైటిల్ బ్లాక్‌లోనూ ఉండాలి, ఎందుకంటే ప్రింటు కొట్టాక ఫైలు పేరు కాగితం మీద ఉండదు.

సైటులో వైరు మార్చిన ఎలక్ట్రీషియన్ ప్యానెల్ జేబులోని కాగితం మీద ఎర్ర పెన్నుతో గీసి, సంతకం చేసి, తేదీ వేయాలి. ఆ పేజీని ఫొటో తీసి డ్రాఫ్ట్స్‌మన్‌కు పంపాలి. ఆయన అసలు ఫైలు దిద్ది, రివిజన్ పెంచి, కొత్త పీడీఎఫ్ ఇచ్చి, పాత కాగితం తీయించాలి. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా జేబులో ఉన్నది అబద్ధమే. అబద్ధపు డయాగ్రమ్ నమ్మి బ్రేకర్ వేసేవాడి ప్రాణం మీదికి వస్తుంది.

మెయిళ్లు, ఫైళ్లు చెరిపేసే అలవాటున్నవాళ్లు సమాచార సాంకేతిక చట్టం, 2000లోని ఏడో సెక్షన్‌ను తెలుసుకోవాలి. ఏదైనా రికార్డును ఇంతకాలం ఉంచాలని చట్టం చెబితే ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచొచ్చని అది అంటుంది. అయితే తర్వాత తెరిచి వాడుకునేలా ఉండాలి, పుట్టిన ఫార్మాట్‌లోనో ఆ సమాచారాన్ని యథాతథంగా చూపగల ఫార్మాట్‌లోనో ఉండాలి, ఎక్కడినుంచి ఎక్కడికి ఎప్పుడు వెళ్లిందో తెలియాలి. వాట్సాప్‌లో మూడేళ్ల కిందట వచ్చిన ఫొటో ఈ పరీక్షకు నిలుస్తుందని పందెం కాయకండి. ఒప్పందంలో భాగమయ్యే డ్రాయింగు కంపెనీ మెయిల్‌లోనే వెళ్లాలి.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లు సొంతంగా గీసిన రెండు మూడు డ్రాయింగులు పీడీఎఫ్‌గా రెజ్యూమెకు జతచేయండి, టైటిల్ బ్లాక్‌తో, రివిజన్‌తో. పాత కంపెనీ డ్రాయింగులు మాత్రం వద్దు, అవి మీవి కావు. ఫ్రీకాడ్, లిబ్రెకాడ్, సర్క్యూట్ బోర్డులకు కైకాడ్, అన్నీ ఉచితమే. కైకాడ్‌లో బోర్డు గీసేవాళ్లు తయారీకి పంపేటప్పుడు గెర్బర్ ఫైళ్లతోపాటు డ్రిల్ ఫైలు మరవకండి; అది లేకపోతే రంధ్రాలు లేని బోర్డు వస్తుంది, లేదా ఫోన్ వస్తుంది.

పంపాక ఇంకో నిమిషం పెట్టండి. ముందు మీ ఫైలును ఇంకో ఫోన్‌లోనో పక్క కంప్యూటర్‌లోనో తెరిచి చూడండి. తర్వాత అవతలివాళ్లకు ఫోన్ చేసి ‘‘వచ్చిందాన్నా?’’ అని అడగొద్దు. వచ్చిందనే చెబుతారు. ‘‘రెండో షీటులో బేరింగు సీటు వ్యాసం ఎంత కనపడుతోంది, కింద రివిజన్ ఎంతుంది?’’ అని అడగండి. ఆయన చదివి చెప్పిన అంకె మీ దగ్గరున్నదానితో కలిస్తే పని మొదలుపెట్టమనొచ్చు.